అమెరికాలో ఉద్యోగ వైకల్య వివక్ష కేసు: ఏ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది

ఉద్యోగంలో వైకల్యం కారణంగా అన్యాయం జరిగిందని లాయర్‌కి ఫోన్ చేస్తే, ఆయన ముందు తేదీలు అడుగుతాడు. కథ తర్వాత వింటాడు. మెయిళ్లు, డాక్టర్ లెటర్లు, మేనేజర్ నోరుజారిన చాట్ మెసేజీలు మీ దగ్గర ఎన్ని ఉన్నా సరే, గడువు దాటిన కేసులో వాటిని తెరిచి చూడాల్సిన పని జడ్జికి ఉండదు. కంపెనీ తరఫు లాయర్లు మొట్టమొదట వెతికేదీ ఈ సందునే.

ఇది అమెరికాలో పనిచేసే మనవాళ్ల కోసం రాస్తున్నది. అక్కడ ఇలాంటి కేసులకు ఆధారం 1990 నాటి అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్, వాడుకలో ఏడీఏ. వైకల్యం అంటే వీల్‌చెయిర్ ఒక్కటే కాదు. 2008 సవరణ తర్వాత డయాబెటిస్, క్యాన్సర్, తీవ్రమైన డిప్రెషన్, మూర్ఛ వంటివి కూడా సులువుగానే దీని కిందికి వస్తాయి. వీసా ఏదన్నది లెక్కలోకి రాదు, అమెరికా గడ్డ మీద పనిచేస్తే చాలు. అదే కంపెనీకి హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే భారత పౌరుడికి మాత్రం ఏడీఏ వర్తించదు. ఆయన చూసుకోవాల్సింది మన 2016 వికలాంగుల హక్కుల చట్టం.

స్థూలంగా దాటాల్సిన గేట్లు రెండు. ముందు ఈఈఓసీ (ఈక్వల్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీ కమిషన్) అనే ఫెడరల్ సంస్థలో 180 లేదా 300 రోజుల్లో ఛార్జ్, అంటే వివక్ష జరిగిందన్న అధికారిక ఫిర్యాదు, వేయాలి. వాళ్లు "ఇక మీరు కోర్టుకి వెళ్లొచ్చు" అని లెటర్ ఇచ్చాక 90 రోజుల్లో దావా వేయాలి. చెప్పడానికి ఇంతే. చిక్కంతా లెక్క ఎక్కణ్నుంచి మొదలవుతుందన్న దగ్గరే వస్తుంది.

అడుగు 1: మీ యజమాని ఎవరో తేల్చుకోండి

ఏడీఏ 15 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. పెద్ద కంపెనీలో ఫుల్‌టైమ్ ఉద్యోగమైతే ఈ ప్రశ్నే రాదు. కానీ మనవాళ్లలో చాలామంది జీతం ఒక కన్సల్టెన్సీ నుంచి వస్తుంది, పని ఇంకో క్లయింట్ దగ్గర చేస్తారు, మధ్యలో ఒక వెండర్ ఉంటాడు. వైకల్యం సంగతి తెలియగానే క్లయింట్ "ఈ రిసోర్స్ వద్దు" అంటాడు, కన్సల్టెన్సీ ప్రాజెక్టు అయిపోయిందని మెయిల్ పంపుతుంది. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి మీ యజమానులే అని వాదించే వీలుంటుంది. అందుకే ఛార్జ్‌లో ఇద్దరి పేర్లూ రాయాలి. ఛార్జ్‌లో పేరు లేనివాళ్ల మీద తర్వాత కోర్టుకి వెళ్తే మామూలుగా నిలబడదు. ఆ తప్పు తెలిసేసరికి కొత్త ఛార్జ్‌కి గడువు ఉండదు.

ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులకు దారి పూర్తిగా వేరు. దాని సంగతి విడిగా చెబుతాను.

అడుగు 2: గడియారం ఏ రోజు మొదలైందో కనిపెట్టండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉద్యోగం ఆఖరి రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు. చట్టం మాత్రం నిర్ణయం మీకు చెప్పిన రోజు నుంచి లెక్కపెడుతుంది.

దీనికి మూలం 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన డెలావేర్ స్టేట్ కాలేజ్ వర్సెస్ రిక్స్ తీర్పు. రిక్స్ అక్కడ అధ్యాపకుడు, లైబీరియా నుంచి వచ్చినవాడు. ఆయనకు టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హోదా) ఇవ్వబోమనీ, ఇంకొక్క ఏడాది కాంట్రాక్టు ఇచ్చి పంపేస్తామనీ కాలేజీ 1974 జూన్‌లో తెలియజేసింది. ఆయన కాలేజీలోనే అప్పీలు పెట్టుకున్నాడు. అది సెప్టెంబరులో తిరస్కరణకు గురైంది. ఇంకా ఉద్యోగంలో ఉండగానే, 1975 ఏప్రిల్‌లో ఈఈఓసీకి వెళ్లాడు. అయినా ఆలస్యమైందనే కోర్టు తేల్చింది. గడియారం 1974 జూన్‌లోనే మొదలైంది, అంతర్గత అప్పీలు దాన్ని ఆపలేదు అంది. ఆ కేసు ఏ దేశం నుంచి వచ్చాడన్న దాని మీద చూపిన వివక్ష గురించి, 1964 పౌర హక్కుల చట్టం కింద నడిచింది, కానీ ఏడీఏ గడువులూ అదే చట్టం నుంచి అరువు తెచ్చుకున్నవి కాబట్టి సూత్రం ఒకటే.

దీన్ని మీ పరిస్థితికి అన్వయించుకోండి. తీసేశారంటే, తీసేస్తున్నామని చెప్పిన రోజు. ప్రమోషన్ రాలేదంటే, రాలేదని మీకు తెలిసిన రోజు. అకామడేషన్ అడిగితే, అంటే ఇంటి నుంచి పని, మార్చిన షిఫ్టు, ప్రత్యేకమైన కుర్చీ, స్క్రీన్ రీడర్ లాంటివి అడిగితే, కుదరదని చెప్పిన రోజు. ఇలా విడివిడిగా జరిగిన ప్రతి పనికీ దాని గడియారం దానిదేనని 2002లో మోర్గాన్ తీర్పు చెప్పింది. ఒకసారి కాదన్నాక, అదే కోరికను మళ్లీ మెయిల్ చేసి మళ్లీ "నో" అనిపించుకున్నంత మాత్రాన గడువు కొత్తగా మొదలవదు. పరిస్థితి మారి, కొత్త డాక్టర్ రిపోర్టుతో వేరే అకామడేషన్ అడిగి, దాన్ని కొత్తగా కాదంటే అది వేరే లెక్క.

కంపెనీ అవుననీ కాదనీ అనకుండా నెలల తరబడి "చూస్తున్నాం" అంటుంటే? ఇది నిజంగా తలనొప్పి వ్యవహారం. మౌనమే నిరాకరణ అయిన రోజు ఏదని తర్వాత కోర్టులో కొట్లాట మొదలవుతుంది. నా సలహా, మీ మొదటి అభ్యర్థన తేదీనే మొదటి రోజనుకుని ముందే ఛార్జ్ వేసే ఏర్పాటు చేసుకోండి. త్వరగా వేసినందుకు నష్టపోయేది దాదాపు ఏమీ ఉండదు.

మినహాయింపులు మూడు గుర్తుంచుకుంటే చాలు. వైకల్యం మీద రోజూ వెక్కిరింపులు, అవమానాలతో పని వాతావరణమే విషమైపోతే, వాటిలో ఒక్క సంఘటన గడువు లోపల ఉన్నా పాతవాటినీ కలిపి చూస్తారు. భరించలేక మీరే రాజీనామా చేస్తే, రాజీనామా తెలియజేసిన రోజు నుంచి లెక్క అని 2016లో గ్రీన్ వర్సెస్ బ్రెన్నన్ తీర్పు చెప్పింది. వివక్షతో జీతం తక్కువ ఇస్తుంటే, 2009 లిల్లీ లెడ్‌బెటర్ చట్టం ప్రకారం ప్రతి పేచెక్‌తోనూ గడువు మళ్లీ మొదలవుతుంది.

అడుగు 3: మీది 180 రోజులా, 300 రోజులా?

మూలనియమం 180 రోజులు. మీరు పనిచేసే చోట ఇలాంటి వివక్షను నిషేధించే రాష్ట్ర లేదా స్థానిక చట్టం ఉండి, దాన్ని అమలుచేసే సంస్థ కూడా ఉంటే 300 రోజులు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్, వర్జీనియా అన్నీ 300 రోజుల రాష్ట్రాలే. జార్జియా, నార్త్ కరొలైనా, అలబామా, మిసిసిపీలలో ప్రైవేటు ఉద్యోగికి 180 రోజులే. అట్లాంటా చుట్టుపక్కల, షార్లెట్‌లో మనవాళ్లు బోలెడంతమంది. డల్లాస్‌లో ఉన్న స్నేహితుడు "మూడొందల రోజులుంటాయి, టెన్షన్ పడకు" అన్నాడని అక్కడ కూర్చుంటే మునిగిపోతారు.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. 2025 మార్చి 3, సోమవారం. మార్చి 31 మీ ఆఖరి రోజు అని హెచ్‌ఆర్ వీడియో కాల్‌లో చెప్పింది. లెక్క మార్చి 4 నుంచి మొదలవుతుంది, ఎందుకంటే చెప్పిన రోజును వదిలేస్తారు. ఆ తర్వాత శని, ఆదివారాలు, సెలవులు అన్నీ లెక్కలోకి వస్తాయి. 180వ రోజు ఆగస్టు 30, శనివారం. ఆఖరి రోజు సెలవైతే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. సోమవారం, సెప్టెంబరు 1, లేబర్ డే. కాబట్టి అసలు గడువు మంగళవారం, సెప్టెంబరు 2. 180 రోజులంటే ఆరు నెలలే కదా అని సెప్టెంబరు 3 దాకా ఆగినవాళ్లు ఒక్క రోజు తేడాతో పోయినట్టే. మార్చి 31 నుంచి లెక్కపెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే 300 రోజుల రాష్ట్రమైతే డిసెంబరు 28 వస్తుంది, అది ఆదివారం, కాబట్టి 29.

ఆ ఒక్క రోజు వెసులుబాటును మీ ప్లాన్‌లో పెట్టుకోకండి. క్యాలెండర్‌లో 120వ రోజును గడువుగా రాసుకోండి.

అడుగు 4: గడియారాన్ని ఏది ఆపదో తెలుసుకోండి

హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు చేశారు, వాళ్లు విచారణ జరుపుతున్నారు. గడియారం ఆగదు. యూనియన్ గ్రీవెన్స్ వేశారు. ఆగదు, 1976లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పేసింది. కంపెనీ లోపలి మీడియేషన్, ఆర్బిట్రేషన్, వైస్ ప్రెసిడెంట్‌తో మాటలు, "రెండు వారాల్లో తేలుస్తాం" అన్న మెయిల్, ఏదీ ఆపదు. చెడ్డ ఉద్దేశంతోనే సాగదీస్తారని నేననను. పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ విచారణ సహజంగానే నెలలు పడుతుంది. కానీ ఆ నెలల మూల్యం మీరే చెల్లించాలి. హెచ్‌ఆర్‌తో మాట్లాడుతూనే ఈఈఓసీకి వెళ్లొచ్చు, రెండింటికీ పోటీ లేదు.

సివరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) మాటలూ అంతే. కాగితం మీద సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించండి. దానిలో హక్కులన్నీ వదులుకుంటున్నానని ఉంటుంది. ఈఈఓసీకి ఛార్జ్ వేసే హక్కును ఏ కాగితమూ తీసేయలేదు, కానీ దాని ద్వారా మీకు డబ్బు రాబట్టుకునే హక్కు ఆ సంతకంతో పోవచ్చు.

హెచ్-1బీ వాళ్లకు ఇంకొక గందరగోళం. ఉద్యోగం పోయాక ఉండే 60 రోజుల గ్రేస్ పీరియడ్ వీసాకి సంబంధించినది, వివక్ష కేసు గడువుతో దానికి ఏ సంబంధమూ లేదు. ఛార్జ్ వేసినంత మాత్రాన స్టేటస్ నిలబడదు, స్టేటస్ పోయినంత మాత్రాన ఛార్జ్ హక్కు పోదు. ఆ 60 రోజులూ కొత్త ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్, పిల్లల బడి, ఇంటి లీజు అంటూ గడిచిపోతాయి. విజయవాడ తిరిగి వచ్చేసినా సరే, ఈఈఓసీ పోర్టల్ అక్కణ్నుంచి తెరుచుకుంటుంది. లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది.

అడుగు 5: ఛార్జ్ వేయండి. ఎంక్వైరీ ఛార్జ్ కాదు

ఈఈఓసీ పబ్లిక్ పోర్టల్‌లో ముందు కొన్ని ప్రశ్నలడిగి "ఎంక్వైరీ" సమర్పించమంటుంది. తర్వాత ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్. ఆ ఇంటర్వ్యూ అయ్యాక వాళ్లు ఛార్జ్ డ్రాఫ్ట్ చేస్తారు, మీరు చదివి పోర్టల్‌లోనే సంతకం పెడతారు. అప్పుడు గానీ ఛార్జ్ వేసినట్టు కాదు. ఎంక్వైరీ పంపి, కన్ఫర్మేషన్ మెయిల్ చూసుకుని హమ్మయ్య అనుకుని కూర్చునే ప్రమాదం ఇక్కడుంది. పంపిన ప్రశ్నావళినే ఛార్జ్‌గా ఒప్పుకున్న కేసులూ ఉన్నాయి, 2008లో ఫెడెక్స్ మీద వచ్చిన హోలోవెకి తీర్పు అలాంటిదే. దాని మీద ఆశ పెట్టుకునే స్థితి తెచ్చుకోవద్దు.

అపాయింట్‌మెంట్లు వారాల తర్వాత దొరకడం మామూలే. గడువు 60 రోజులు, అంతకన్నా తక్కువ ఉంటే త్వరగా వేయడానికి ఏంచేయాలో పోర్టలే చెబుతుంది. అదీ కుదరకపోతే సంతకం చేసిన ఉత్తరం కూడా చెల్లుతుంది. మీ పేరు, చిరునామా, కంపెనీ పేరు, చిరునామా, సుమారు ఎంతమంది ఉద్యోగులు, ఏం జరిగింది, ఎప్పుడు, వైకల్యం వల్లేనని ఎందుకనుకుంటున్నారు, ఇవి రాసి సంతకం పెట్టాలి. సంతకం లేని ఉత్తరాన్ని వాళ్లు విచారించలేరు. పోస్టులో వేసిన తేదీ లెక్క కాదు, వాళ్లకు అందిన తేదీయే లెక్క.

రాసేటప్పుడు వైకల్య వివక్ష, అకామడేషన్ నిరాకరణ, ప్రతీకారం, ఈ మూడింట్లో మీకు జరిగినవన్నీ విడివిడిగా చెప్పండి. ఛార్జ్‌లో లేని ఆరోపణను కోర్టులో కొత్తగా ఎత్తితే కొట్టేస్తారు. రాష్ట్ర సంస్థలోనూ ఒకేసారి నమోదయ్యేలా డ్యూయల్ ఫైలింగ్ అడగండి.

అడుగు 6: ఛార్జ్ వేశాక నిద్రపోవద్దు

కంపెనీకి 10 రోజుల్లో నోటీసు వెళ్తుంది. అప్పటి నుంచి కేసు తేలేదాకా సంబంధిత రికార్డులను వాళ్లు భద్రపరచాలి. ఛార్జ్ లేకపోతే ఉద్యోగి రికార్డులను ఏడాది ఉంచితే సరిపోతుంది. త్వరగా వేయమనడానికి ఇదొక మంచి కారణం. తర్వాత వాళ్లు తమ వాదన రాసి ఇస్తారు. ఆ ప్రతి అడిగి తీసుకోండి, అందాక 20 రోజుల్లో జవాబు ఇవ్వమంటారు.

ఛార్జ్ వేసినందుకు కక్షగట్టి తీసేశారనుకోండి, అది కొత్త సంఘటన. దానికి కొత్తగా 180 లేదా 300 రోజులు. పాత ఛార్జ్‌ని సవరించండి, లేదా కొత్తది వేయండి. ఇల్లు మారితే, మెయిల్ ఐడీ మారితే వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ఆఫీసు మెయిల్ ఐడీ అసలు ఇవ్వొద్దు.

180 రోజులు గడిచినా విచారణ తేలకపోతే రైట్ టు స్యూ లెటర్, అంటే మొదట చెప్పిన "ఇక మీరు కోర్టుకి వెళ్లొచ్చు" లెటర్, అడిగే హక్కు మీకుంది, అడిగితే ఇవ్వాలి. అంతకుముందే అడిగినా ఒక్కోసారి ఇస్తారు, కానీ తొందరగా ఇచ్చిన లెటర్‌ను కొన్ని కోర్టులు ఒప్పుకోవు. లాయర్ దొరక్కుండా మాత్రం అడగొద్దు. ఆ లెటర్ వచ్చిన క్షణం నుంచి ఇంకో గడియారం మొదలవుతుంది.

అడుగు 7: 90 రోజులు

రైట్ టు స్యూ నోటీసు అందాక దావా వేయడానికి ఉన్న ఈ గడువు విషయంలో కోర్టులు చాలా కఠినంగా ఉంటాయి. 90 రోజులంటే మూడు నెలలు కాదు. 2026 జులై 1న నోటీసు అందితే 90వ రోజు సెప్టెంబరు 29. అక్టోబరు 1 అనుకున్నవాళ్లు రెండు రోజులు ఆలస్యం.

అందడం అంటే ఏమిటన్నది పెద్ద తగువు. పోస్టులో వస్తే పంపిన మూడు రోజులకు చేరిందని చాలా కోర్టులు అనుకుంటాయి, కొన్నిచోట్ల ఐదు. ఇప్పుడు నోటీసు పోర్టల్‌లో పెట్టి "కొత్త డాక్యుమెంట్ వచ్చింది" అని మెయిల్ పంపుతున్నారు. ఆ మెయిల్ వచ్చిన రోజునే మొదటి తేదీగా రాసుకోండి, మీరు తెరిచిన రోజును కాదు. స్పామ్ ఫోల్డర్ వారానికోసారి చూడండి.

మీ తరఫు లాయర్‌కి అందినా మీకు అందినట్టే. 1990 నాటి ఇర్విన్ కేసులో ఇదే జరిగింది. అప్పట్లో ఫెడరల్ ఉద్యోగులకు 30 రోజులే గడువు. నోటీసు లాయర్ ఆఫీసుకు వచ్చేసరికి ఆయన విదేశంలో ఉన్నాడు. దావా వేసింది ఇర్విన్ తనకు లెటర్ అందిందన్న రోజు నుంచి 29వ రోజున. కానీ లాయర్ ఆఫీసుకు చేరిన రోజు నుంచి చూస్తే అది 44వ రోజు. సుప్రీంకోర్టు కనికరించలేదు.

రైట్ టు స్యూ లెటర్‌నే కోర్టుకి పంపి, లాయర్‌ని పెట్టండని అడిగితే దావా వేసినట్టు కాదు. 1984లో బాల్డ్విన్ కౌంటీ వెల్కమ్ సెంటర్ కేసులో ఒక మహిళ అలాగే చేసి కేసు పోగొట్టుకుంది. ఏం జరిగిందో, ఏం కోరుతున్నారో రాసిన కంప్లెయింట్ దాఖలు కావాలి.

ఈఈఓసీ ఫైలు కాపీ కోసం అమెరికా సమాచార హక్కు చట్టం (ఎఫ్‌ఓఐఏ) కింద అడగడానికీ ఈ 90 రోజులే. లెటర్ వచ్చిన వారంలోనే అడిగేయండి.

అడుగు 8: కోర్టులో

ఫెడరల్ జిల్లా కోర్టు ఫీజు 405 డాలర్లు. కట్టలేకపోతే మినహాయింపు దరఖాస్తు పెట్టొచ్చు, కానీ దానితోపాటు కంప్లెయింట్ కూడా జతచేయాలి. ఎలక్ట్రానిక్‌గా వేస్తే ఆ కోర్టు ఉన్నచోటి సమయం ప్రకారం అర్ధరాత్రి దాకా, కాగితం మీదైతే క్లర్క్ ఆఫీసు మూసేలోపు. లాయర్ లేనివాళ్లకు ఎలక్ట్రానిక్ ఫైలింగ్ ఇస్తారో లేదో కోర్టును బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. వేశాక 90 రోజుల్లో కంపెనీకి సమన్లు అందేలా చూడటం మీ బాధ్యతే. వాళ్లు 21 రోజుల్లో జవాబివ్వాలి, సమన్ల అవసరం లేదని ఒప్పుకుంటే 60. ఓడిపోతే అప్పీలుకు తీర్పు నమోదైన రోజు నుంచి 30 రోజులు.

రాష్ట్ర చట్టాల గడియారాలు వేరు

కాలిఫోర్నియాలో సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి మూడేళ్లలోపు వెళ్లొచ్చు, వాళ్ల లెటర్ వచ్చాక దావాకి ఏడాది. ఐదుగురు ఉద్యోగులున్నా ఆ చట్టం వర్తిస్తుంది. న్యూయార్క్‌లో రాష్ట్ర చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లు, న్యూజెర్సీలో రెండేళ్లు.

టెక్సాస్‌తో జాగ్రత్త. అక్కడ ఈఈఓసీకి 300 రోజులున్నా, రాష్ట్ర చట్టం కింద ఫిర్యాదుకు 180 రోజులే. రాష్ట్ర సంస్థ నోటీసు వచ్చాక దావాకి 60 రోజులు, 90 కాదు. అదీ మొదటి ఫిర్యాదు వేసిన రెండేళ్లలోపే. ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్నవాళ్లు రెండు లెటర్లకు రెండు తేదీలు రాసుకోవాలి.

ఫెడరల్ ఉద్యోగులైతే

పోస్టాఫీసు, వెటరన్స్ ఆసుపత్రి, ఏ ఫెడరల్ ఏజెన్సీ అయినా, మీకు 180 లేదు, 300 లేదు. 45 రోజుల్లో ఏజెన్సీలోని ఈఈఓ (సమాన ఉద్యోగావకాశాల) కౌన్సెలర్‌ని కలవాలి. కౌన్సెలింగ్ ముగిసిందని నోటీసు ఇచ్చాక 15 రోజుల్లో ఫార్మల్ కంప్లెయింట్. విచారణ ముగిసి నోటీసు వచ్చాక ఈఈఓసీ జడ్జి ముందు హియరింగ్ కోరడానికి 30 రోజులు. తుది నిర్ణయం మీద కోర్టుకి 90.

గడువు దాటిపోతే

వెంటనే చేతులెత్తేయకండి. ఈఈఓసీ ఛార్జ్, గడువు నియమాలు కోర్టు అధికార పరిధికి సంబంధించినవి కావని 1982లో, 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కంపెనీ సకాలంలో అభ్యంతరం చెప్పకపోతే ఆ అవకాశం వాళ్లు వదులుకున్నట్టే. తీవ్రమైన మానసిక అనారోగ్యంతో వ్యవహారాలు చూసుకోలేని స్థితి, కంపెనీ లేదా ఈఈఓసీయే తప్పుదారి పట్టించడం వంటి అరుదైన సందర్భాల్లో కోర్టు గడువు సడలించవచ్చు. రూల్ తెలియదన్నది కారణం కాదు. ఆసుపత్రిలో ఉన్నారంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రికార్డులు కావాలి.

రాష్ట్ర చట్టం గడువు ఇంకా ఉందేమో చూడండి. మీ యజమాని ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రో యూనివర్సిటీయో అయితే 1973 రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 ఉంది. దానికి ఈఈఓసీ ఛార్జ్ అక్కర్లేదు, గడువు రాష్ట్రంలోని గాయాల కేసుల గడువును బట్టి ఉంటుంది, టెక్సాస్‌లో రెండేళ్లు. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఏడీఏ ఉద్యోగ నిబంధనల కింద రాష్ట్ర ప్రభుత్వం నుంచి నష్టపరిహారం రాబట్టలేరని 2001లోనే గారెట్ తీర్పు వచ్చింది.